నల్లమల గేటు తొమ్మిదింటికే వేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో శ్రీశైలం వెళ్ళే భక్తుల తరఫున ఒక లేఖ వచ్చింది. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదింటికే గేటు వేసేస్తున్నారు, పిల్లలతో, ముసలివాళ్ళతో తెల్లారేదాకా కార్లలో పడుండాల్సి వస్తోంది, ఇది భక్తుల్ని వేధించడమే, గేటు ఎత్తేయాలి అని దాని సారాంశం. రాసినవారు పడ్డ ఇబ్బందిని నేను కాదనను. గేటు ఎత్తేయమనడాన్ని మాత్రం ఒప్పుకోను. ఎందుకో కాస్త వివరంగా రాస్తున్నాను, పొడుగనిపిస్తే మీరే కత్తిరించుకోండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే 765 నంబరు జాతీయ రహదారి మన్ననూరు దాటిన దగ్గర్నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వు మధ్యలోంచి పోతుంది. నల్లమలని 1978లో అభయారణ్యం చేశారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అప్పట్లో మొత్తం కలిపి నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపుది అమ్రాబాద్ అయింది, ఆంధ్ర వైపుది పాత పేరుతోనే ఉంది. ఆ వైపు దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డుకీ రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు ఇదే కట్టడి. అంటే ఇది ఒక చెక్‌పోస్టులో ఒక ఆఫీసరుకి పుట్టిన బుద్ధి కాదు, రెండు రాష్ట్రాలూ పాటిస్తున్న పద్ధతి. కర్ణాటకలో బందీపూర్ మీదుగా కేరళ పోయే హైవేని కూడా 2009 నుంచి రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరింటికి తెరుస్తున్నారు. అక్కడ వ్యాపారులు గొడవ చేశారు, కేరళ ప్రభుత్వం గొడవ చేసింది, వ్యవహారం కోర్టులకెక్కింది, 2010లో కర్ణాటక హైకోర్టు ఆ నిషేధం సరైనదేనని తేల్చింది. అంబులెన్సులకీ, ఫైరింజన్లకీ, కొద్దిపాటి ఆర్టీసీ బస్సులకీ మినహాయింపు ఉంది. మిగతావాళ్ళు వేరే దారిలో పోతున్నారు, లేదా పొద్దున పోతున్నారు, అలవాటు పడిపోయారు.

ఇంతకీ తొమ్మిదింటికే ఎందుకు? పగలంతా మన కార్లూ, బస్సులూ, హారన్లూ భరించి పొదల్లో దాక్కున్నవన్నీ చీకటి పడ్డాకే బయటికొస్తాయి కాబట్టి. చిరుత, ఎలుగుబంటి, ఏదుపంది, అలుగు, దేవాంగపిల్లి, పునుగుపిల్లి, వీటిలో చాలావాటికి రాత్రే పగలు. ఎండాకాలం రాత్రి తారు ఇంకా వెచ్చగా ఉంటుంది కనక పాములు రోడ్డు మీదికొచ్చి పడుకుంటాయి. చీకటికి అలవాటుపడ్డ జింక కళ్ళలోకి ఒక్కసారిగా హెడ్‌లైట్ కొడితే దానికి ఏమీ కనపడదు, ఎటు దూకాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. డ్రైవరేమో అది పక్కకి తప్పుకుంటుందిలే అనుకుంటాడు. ఘాట్ మలుపులో, నిద్రమత్తులో, వెనక ఇంకో బండి దూసుకొస్తుంటే బ్రేకు వేసే టైము ఉండదు. పెద్ద జంతువైతే పేపర్లో వార్త వస్తుంది. ముంగిస, కప్ప, పాము, అడవికోడి అయితే తెల్లారేసరికి కాకులు ఎత్తుకుపోతాయి, చచ్చినట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. రాత్రి బండ్లు తిరిగే రోడ్డు అంటే వేటగాళ్ళకీ కలప దొంగలకీ తెరిచి పెట్టిన రోడ్డు అని అర్థం. వందల బండ్ల మధ్యలో ఏ బండి మధ్యలో ఆగి లైట్లు ఆర్పిందో, ఏ డిక్కీలో ఏముందో ఎవడు చూస్తాడు? గేటు పడితే ఆ తర్వాత రోడ్డు మీద కనిపించిన ప్రతి బండీ జవాబు చెప్పుకోవాల్సిన బండే. ఉన్న కొద్దిపాటి సిబ్బందితో ఇన్ని కొండలు కాయాలంటే ఇంతకంటే చవకైన ఉపాయం నాకైతే తోచదు.

ఇక భక్తుల హక్కు అనే మాట. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాంట్లో 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోగలిగేది చాలా కొద్దిమంది: డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగులు, లోపల భూమి మీద హక్కున్నవాళ్ళు, వాళ్ళ మీద ఆధారపడ్డ కుటుంబం, పబ్లిక్ హైవే మీదుగా అటు నుంచి ఇటు దాటిపోయేవాళ్ళు. మనం ఈ చివరి కోవలోకి వస్తాం. దాటిపోయేవాళ్ళం అన్నమాట. నాకు అర్థమైనంతవరకు ఆ వెసులుబాటు తారు అంచు దగ్గర ఆగిపోతుంది. బండి పక్కన పెట్టి వాగు దాకా నడిచి, గొడుగు పాతి, స్టవ్ వెలిగించి పులిహోర వేడిచేసుకోవడం దాటిపోవడం కిందికి రాదు. చూడ్డానికి, ఫొటోలు తీయడానికి, పరిశోధన చేయడానికి లోపలికి పోవాలనుకుంటే 28వ సెక్షన్ కింద పర్మిట్ తీసుకుని పోవచ్చు, సఫారీ టికెట్ వెనక ఉన్నది ఆ అనుమతే. అదే 27వ సెక్షన్‌లో ఇంకో నిబంధన ఉంది, జంతువుల్ని ఏడిపించకూడదు, అభయారణ్యంలో చెత్త వేయకూడదు అని. చెత్త వేయడం చట్టంలోనే నేరంగా రాసి ఉందని నేను చెప్తే చాలామంది నమ్మరు, అదేదో స్వచ్ఛ భారత్ స్లోగన్ అనుకుంటారు.

ఆ లేఖ చదివాక నాకు 2019 గుర్తొచ్చింది. అప్పుడు నల్లమలలో యురేనియం కోసం తవ్వకాలు మొదలవుతాయన్న వార్తకి రెండు రాష్ట్రాల్లోనూ జనం ఎంత గట్టిగా నిలబడ్డారో మీ పేపరే రాసింది. చెంచులు రోడ్డెక్కారు, సినిమావాళ్ళు మాట్లాడారు, ప్రతి ఫోన్‌లో నల్లమలని కాపాడాలనే పోస్టులే, సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. బాగుంది. కానీ యురేనియం కంపెనీ రాకుండా అడ్డుకున్న మనమే వీకెండ్ వచ్చేసరికి అదే అడవిలో బీరు సీసా బండకేసి కొడుతున్నాం. మల్లెలతీర్థం లాంటి చోట నీళ్ళలోకి చెప్పుల్లేకుండా దిగేముందు గాజు పెంకులు ఉన్నాయేమోనని చూసుకోవాల్సి రావడం ఏం ఖర్మ? మనకి కాలు కోసుకుంటే హాస్పిటల్ ఉంది. కణుజు గిట్టలో పెంకు దిగితే అది కుంటుతుంది, కుంటే జంతువు ఎన్నాళ్ళు బతుకుతుందో అడవి గురించి ఏమాత్రం తెలిసినవాళ్ళనడిగినా చెప్తారు.

ప్లాస్టిక్ సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే నెమ్మదిగా చంపుతుంది. చిప్స్ ప్యాకెట్‌కి అంటుకున్న ఉప్పు కోసం, పెరుగన్నం కవర్ వాసన కోసం జింకలు ఆ కవర్లనే మింగుతాయి. అది అరగదు, బయటికి రాదు, పొట్టలో ఉండ కడుతుంది, కడుపు నిండినట్టే ఉండి జంతువు తిండి మానేసి చిక్కిపోతుంది. టైగర్ రిజర్వులో ప్లాస్టిక్ నిషేధం అని బోర్డులు పెట్టారు, మంచిదే. కానీ గేటు దగ్గర బండి ఆపి నీళ్ళ బాటిల్ తీసేసుకుని, గేటు దాటాక రోడ్డు పక్క కొట్లో అదే బాటిల్ అమ్మనిస్తే ఇంక ఆ నిషేధాన్ని ఎవరు లెక్కచేస్తారు? స్టీలు సీసా తెచ్చుకున్నవాళ్ళకి నింపుకోవడానికి మంచినీళ్ళ కుళాయి గేటు దగ్గరే పెట్టండి, ఆ తర్వాత జరిమానా వేయండి. ఎవరూ నోరెత్తరు.

కోతుల గురించి రాస్తే చాలామందికి కోపం వస్తుంది, అయినా రాస్తాను. శ్రీశైలం రోడ్డు పొడుగునా కార్లు ఆపి అరటిపళ్ళు, బిస్కెట్లు విసిరేవాళ్ళలో నూటికి తొంభైమంది పుణ్యం అనుకునే చేస్తారు, ఆంజనేయస్వామికి పెట్టినట్టే అనుకుంటారు. వాళ్ళ మనసుని నేను తప్పుపట్టను. కానీ జరిగేది ఏంటంటే, అడవిలో తునికి, మేడి, రేగు, నేరేడు తిని వాటి విత్తనాలు కొండంతా చల్లాల్సిన కోతి రోడ్డు పక్క గోడ మీద కూర్చుని కారు కోసం ఎదురుచూస్తుంది. కారు ఆగగానే ఉరుకుతుంది, వెనక నుంచి వచ్చే లారీ దాన్ని చూడదు. తల్లి కోతి చస్తే పొట్టకి అంటుకున్న పిల్ల పరిస్థితి నేను రాయక్కర్లేదు. కోతులు రోడ్డుకి చేరితే వాటి కోసం చిరుత కూడా రోడ్డుకి చేరుతుంది, అప్పుడు మళ్ళీ చిరుత రోడ్డు మీదికొచ్చిందని మనమే వీడియో తీసి భయపడతాం. తిండికి అలవాటు పడ్డ కోతి గుడి దగ్గర పిల్లల చేతిలో కొబ్బరిచిప్ప లాక్కుని కరిస్తే దాన్ని పట్టించమని గోల చేసేదీ మనమే. అడవిలో ఉన్న కోతికి మన అరటిపండు అవసరం ఎన్నడూ లేదండీ. మనం లేనప్పుడు కూడా అది బాగానే తింది.

నిప్పు గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. నల్లమల ఆకురాల్చే అడవి. మాఘం ఫాల్గుణం వచ్చేసరికి టేకు, నల్లమద్ది, తునికి ఆకులన్నీ రాలి నేల మీద మడమ లోతున ఎండాకు పేరుకుంటుంది, వెదురు ఎండి పెళుసుబారుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే శివరాత్రి, ఆ వెంటనే ఉగాది. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా అడవిలో నడుచుకుంటూ మల్లన్న దగ్గరికి వస్తారు, ఎన్నో తరాల నుంచి వస్తున్న దారి అది, దాన్ని ఆపమని అడిగేంత మూర్ఖత్వం నాకు లేదు. కానీ వాళ్ళలో ఒక్కరు సగం కాల్చిన బీడీ పడేసినా, పొయ్యి ఆర్పకుండా లేచి పోయినా, మధ్యాహ్నం గాలికి ఆ నిప్పు కొండెక్కుతుంది. నేల మీద పాకే మంటకి పెద్ద చెట్లు తట్టుకుంటాయి, కింద మొలకలు మాడిపోతాయి, నేల మీద గూడు పెట్టే పక్షుల గుడ్లు పోతాయి, తాబేళ్ళు పోతాయి. పైకి పచ్చగా ఉన్న అడవి కింద వారసులు లేకుండా మిగిలిపోతుంది. ఫారెస్టువాళ్ళు చలికాలంలోనే ఫైర్ లైన్లు గీస్తారు, అంటే ఆకూ గడ్డీ ముందే ఊడ్చి, కాల్చి, మంట దాటకుండా బాటలు చేస్తారు. ఫైర్ వాచర్లు ఆ ఎండలో పచ్చికొమ్మలు పట్టుకుని కొట్టీ, బ్లోయర్లతో ఆకు చెదరగొట్టీ ఆర్పుతారు, కొండ మీదికి ఫైరింజన్ ఎక్కదు మరి. చట్టంలో 30వ సెక్షన్ దీని గురించే, నిప్పు పెట్టడమే కాదు, రగిలించిన నిప్పుని ఆర్పకుండా వదిలిపోవడం కూడా నేరమే. సిగరెట్ తాగాలనుకునేవాళ్ళు దయచేసి డిండి దగ్గర తాగి ఎక్కండి, శ్రీశైలంలో దిగాక మళ్ళీ తాగండి. మధ్యలో తాగకుండా ఉంటే ఏమీ కాదు.

సఫారీకి వచ్చేవాళ్ళ గురించి కూడా రెండు ముక్కలు. ఫర్హాబాద్ దగ్గర జీపు దిగీ దిగగానే పులి కనపడలేదు, డబ్బులు దండగ అనేవాళ్ళని చూస్తే నవ్వొస్తుంది. పులి ఎవరి అపాయింట్‌మెంటూ తీసుకోదు. నల్లమల పులులు కాన్హా, రణథంబోర్ పులుల్లాగా జీపులకి అలవాటుపడ్డవి కావు, ఈ కొండల్లో దట్టమైన వెదురు మధ్య అవి పది గజాల దూరంలో ఉన్నా మనకి తెలియదు. కానీ నోరు మూసుకుని కూర్చుంటే చాలా తెలుస్తుంది. చెట్టు మొదలు మీద ఎత్తున గోళ్ళతో చీరిన గీతలు, బాట దుమ్ములో పాదం ముద్ర, ఉన్నట్టుండి కొండముచ్చు వేసే దగ్గులాంటి అరుపు, దానికి జవాబుగా దుప్పి కూత, ఆ తర్వాత నిశ్శబ్దం. అప్పుడు గైడు జీపు ఆపి చెవులు రిక్కిస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో వెనక సీట్లో ఎవరి ఫోనో రింగయితే ఆ గైడు మొహం చూడాలి. పాటలు పెట్టొద్దు, అరవొద్దు, జీపు దిగొద్దు, ఎర్రటి, తెల్లటి బట్టలు వద్దు, అత్తరు పూసుకోవద్దు అని చెప్పేది ఇందుకే. రూలు అనుకుంటే కష్టంగా ఉంటుంది, కాస్త వినడానికి అనుకుంటే సులువు. జీపు దిగొద్దన్న దానికి వేరే కారణం కూడా ఉందనుకోండి. పిల్లల్తో ఉన్న ఎలుగు ఎదురైతే పరిగెత్తి తప్పించుకోవడం చాలా కష్టం, అది మనకంటే వేగంగా పరిగెడుతుంది, చెట్టూ ఎక్కుతుంది.

సోషల్ మీడియా వీరుల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. పులి కనిపించిన వెంటనే లొకేషన్ పెట్టి పోస్టు చేయడం, జంతువు బాట దాటుతుంటే సెల్ఫీ కోసం అడ్డంగా నిలబడటం, పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేయడం, వానల్లో జలపాతాల పైఅంచు ఎక్కి రీల్ తీయడం. లొకేషన్ పెడితే లైకులు కొట్టేవాళ్ళే కాదు, వేటగాళ్ళు కూడా చూస్తారు. ఇంతకంటే దీనికి ఎక్కువ రాయడం అనవసరం.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా సఫారీ బంద్ పెడితే, పచ్చగా ఉన్నప్పుడే మూసేస్తే ఎలా అని అడుగుతారు కొందరు. వానలకి మట్టి బాటలు బురదైపోతాయి, జీపు చక్రం ఒక్కసారి దిగబడితే ఆ గాడిలో నీళ్ళు పారి బాటే కోతకు గురవుతుంది. చాలా జంతువులకి, పక్షులకి అది జత కట్టే కాలం, పిల్లల కాలం కూడా. ఏడాదిలో మూడు నెలలు మనం లేకుండా వాటిని వదిలేయడం పెద్ద త్యాగమేమీ కాదు. పర్యాటకం అసలే వద్దని నేననడం లేదు. 2012లో సుప్రీంకోర్టు దేశమంతా టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో, అంటే పులుల కోసమే వదిలిన లోపలి భాగాల్లో, పర్యాటకాన్ని కొన్ని నెలలు ఆపేసింది, పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చాక మళ్ళీ తెరిచారు. ఆ మార్గదర్శకాల్లో కోర్ ఏరియాలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని ఉంది. మిగతా 80 శాతం మనం చూడకూడదని కోపం దేనికి, ఆ 20 శాతం సరిగ్గా చూసినవాళ్ళు ఎంతమంది?

చెంచుల మాట వస్తుంది ఎప్పుడూ. వాళ్ళు లోపల తిరుగుతున్నారుగా, తేనె తీస్తున్నారుగా, పొయ్యి వెలిగిస్తున్నారుగా, మనకే ఎందుకు రూల్సు అని. వాళ్ళ ఇల్లు అది. అప్పాపూర్, రాంపూర్, మల్లాపూర్ పెంటల్లో, అంటే అడవిలోని చెంచు గూడేల్లో, ఉన్నవాళ్ళు రెండ్రోజుల ట్రిప్పుకి రాలేదు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకి ఇచ్చిన హక్కులు మనకి లేవు, ఉండకూడదు. ఫారెస్టువాళ్ళ బేస్ క్యాంపుల్లో ఉండి పులి అడుగులు చూసి చెప్పేవాళ్ళలో, మంటలు ఆర్పేవాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. ఈ విషయంలో నాకు ప్రభుత్వం మీద కూడా కోపం ఉంది. పులుల కోసం ఊళ్ళు ఖాళీ చేయమని ఒకపక్క అడుగుతూ, ఇంకోపక్క అదే అడవిలో సఫారీ జీపులు పెంచి ప్రకటనలు వేస్తే, పెంటలో కూర్చున్న చెంచు పెద్దమనిషికి ఏమనిపిస్తుంది? వాళ్ళని అడగకుండా ఫొటోలు తీయడం, పిల్లలకి చాక్లెట్లు విసరడం కూడా మానాలి. వాళ్ళు చూపించడానికి పెట్టినవాళ్ళు కాదు.

ఇప్పుడు గేటు దగ్గర ఆగిపోయిన ఆ భక్తుల బాధకి వస్తాను. వాళ్ళు పడ్డ ఇబ్బందికి కారణం గేటు కాదు, గేటు ఉందని ముందుగా ఎవరూ చెప్పకపోవడం. హైదరాబాద్‌లో సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరితే ట్రాఫిక్ దాటేసరికే టెన్షన్ మొదలవుతుంది, మన్ననూరు చేరేసరికి తొమ్మిదీ పది అవుతుంది. బోర్డు ఎక్కడుంది? చెక్‌పోస్టు పక్కనే ఉంటే ఏం లాభం, అప్పటికే ఆగిపోయారు. ఆ బోర్డు ఊరు దాటేచోట ఉండాలి, కల్వకుర్తిలో ఉండాలి, డిండి దగ్గర ఉండాలి, అటువైపు దోర్నాల సెంటర్లో, సున్నిపెంటలో ఉండాలి, తెలుగులో, కన్నడంలో, హిందీలో. శ్రీశైలంలో గదులు, దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే వచ్చే మెసేజ్‌లో గేటు టైము కూడా ఒక లైను రాయడానికి ఖర్చెంత అవుతుంది? అయినా ఆలస్యమై వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, టైరు పంక్చరవుతుంది, పిల్లవాడికి వాంతులవుతాయి. వాళ్ళ కోసం గేటుకి ఇవతల ఒక షెడ్డు, లైటు, ఆడవాళ్ళకి తలుపు గడియ పడే బాత్రూము, తాగడానికి నీళ్ళు. ఇది అడగాల్సిన డిమాండ్. పాత లేఖ రాసినవారు ఇది అడిగి ఉంటే నేనూ పక్కన సంతకం పెట్టేదాన్ని.

సిబ్బంది తప్పులూ ఉన్నాయి, దాచి లాభం లేదు. ఒక చెక్‌పోస్టులో మా ముందున్న ఆటోలో సామాన్లన్నీ దింపించి వెతికారు, మా వెనక వచ్చిన పెద్ద కారులోంచి ఎవరో ఫోన్ అందించగానే గేటు లేచింది. అప్పటికి తొమ్మిది దాటి చాలాసేపయింది. ఆటోలో ఉన్నవాళ్ళు ఆ కారు వెళ్ళడం చూశారు. ఇంక వాళ్ళకి పులుల గురించి, జింకల గురించి ఎన్ని చెప్తే మాత్రం ఎక్కుతుంది? అది గేటు కాదు, తమలాంటివాళ్ళని ఆపడానికి పెట్టిన కర్ర అనుకుంటారు, అనుకోవడంలో తప్పేముంది. ఎమ్మెల్యే గారి లెటరైనా, కలెక్టరాఫీసు ఫోనైనా, ప్రాణం మీదికొచ్చిన కేసుకి తప్ప తొమ్మిది తర్వాత గేటు లేవకూడదు. లేచిన ప్రతిసారీ బండి నంబరు, కారణం, ఎవరు చెప్తే లేచిందీ ఒక పుస్తకంలో రాసి, నెలకోసారి ఆన్‌లైన్‌లో పెట్టాలి. పెట్టి చూడండి, ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి. చలిలో, దోమల్లో రాత్రంతా ఆ గేటు దగ్గర నిలబడే చిన్న ఉద్యోగికి కూడా ఆ పుస్తకమే అండ. సార్, రాయాలి సార్, అని ఒక్క మాట అంటే సరిపోతుంది.

గేటు దగ్గర డబ్బులు తీసుకుని రసీదు ఇస్తారు కదా, దాని వెనకవైపు ఖాళీగా పెట్టకుండా ఏం చేయకూడదో మామూలు తెలుగులో రాయొచ్చు. "అభయారణ్య ప్రవేశ నిబంధనల ఉల్లంఘన శిక్షార్హం" అంటే ఎవరికి అర్థమవుతుంది? "బండి దిగొద్దు. కోతులకి పెట్టొద్దు. చెత్త మీతోనే వెనక్కి తీసుకుపొండి. నిప్పు వద్దు." ఇలా రాస్తే రెండో తరగతి పిల్లవాడు కూడా చదివి వాళ్ళ నాన్నని ఆపుతాడు. చెత్తకి గేటు దగ్గరే డబ్బాలు పెట్టి, అవతలి గేటు దగ్గర సంచిలో ఎంత చెత్త తెచ్చారో చూసి తీసుకుంటే ఇంకా మంచిది.

ఈ గొడవంతా ఎందుకు, అడవి మీదుగా ఎలివేటెడ్ కారిడార్ వేస్తారట, అప్పుడు రాత్రీపగలూ పోవచ్చు అంటున్నారు కొందరు. ఆ ప్రతిపాదన ఉన్నమాట నిజమే. కింద జంతువులు పోతాయి, పైన మనం పోతాం, వినడానికి బాగానే ఉంది. ఆ స్తంభాలు వేసేటప్పుడు ఎన్ని చెట్లు పోతాయో, కట్టినన్నాళ్ళు ఆ మోతకి ఏం మిగులుతుందో తేలాక మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉన్న రోడ్డు ఇదే, ఉన్న గేటు ఇదే.

మీ పత్రికకి ఒక విన్నపం. శివరాత్రికి, ఉగాదికి మీరు శ్రీశైలం మీద ప్రత్యేక పేజీలు వేస్తారు, దర్శనం వేళలు, బస్సుల వేళలు, అన్నదానం ఎక్కడెక్కడ అన్నీ ఉంటాయి. ఈసారి వాటితోపాటు మన్ననూరు, దోమలపెంట, దోర్నాల గేట్లు ఎన్నింటికి వేస్తారో, ఎన్నింటికి తీస్తారో, పండగ రోజుల్లో సడలింపులు ఏమైనా ప్రకటిస్తే అవేంటో మొదటి పేజీలోనే వేయండి. కింద మూలన చిన్న బాక్సులో కాదు, బస్సుల టైములు వేసే సైజు అక్షరాల్లో.

ఇట్లు,
మీ పాఠకురాలు